వీపుకు తెలిసిన గుడ్డ

మా తాతయ్య పడక కుర్చీ గుడ్డను నెలకోసారి ఉతికేవాళ్ళం. గుడ్డ రెండు చివరలా మడిచి కుట్టిన సందుల్లోంచి కర్రలు లాగేస్తే చాలు, ఊడి చేతికొచ్చేది. మందపాటి కాన్వాసు. నూతి చప్టా మీద బాది, ఎండలో ఆరేసి, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించేవాళ్ళం. అప్పుడే ఎక్కించిన గుడ్డ మీద వాలితే వీపుకు తగిలే ఆ గరుకుదనం నాకింకా గుర్తే.

ఇప్పటి సోఫాల్లో చాలావాటికి గుడ్డను పిన్నులతో చెక్కకు కొట్టేస్తారు. ఉతకడానికి రాదు. అందుకే ఎంచుకునేటప్పుడే జాగ్రత్త పడాలి. మనమేమో షాపు దీపాల వెలుగులో రంగు చూసి మురిసిపోతాం. కాకినాడలో మేం కొన్న మొదటి సోఫాకు లెదరెట్ వేయించాం. చూడ్డానికి అచ్చం తోలే. నాలుగో ఏటికి పొలుసులు పొలుసులుగా రాలడం మొదలైంది. దాని పైపూత పాలియురేతేన్. గాలిలోని తేమ ఏళ్ళ తరబడి దాన్ని లోలోపలే విరగ్గొడుతుంది. సముద్రపు ఊళ్ళలో దాన్నెంత తుడుచుకున్నా ఆ రాలడం ఆగదు. పాత రెక్సిన్ గట్టిదే, కానీ మే నెలలో చెమటకు ఒంటికి అంటుకుపోతుంది.

రెండోసారి గుడ్డ మార్చేటప్పుడు కుషన్ పనిచేసే ఆయన నమూనాల పుస్తకం తెచ్చి, "చూడకండమ్మా, అరచెయ్యి పెట్టండి" అన్నాడు. మంచి మాట. సోఫాతో కాపురం చేసేది కన్ను కాదు, మెడా మోచేతులూను. కొన్ని నమూనాల వెనక మార్టిండేల్ అని ఒక అంకె ఉంది. గుడ్డను ఉన్నిగుడ్డతో ఎన్నిసార్లు రుద్దితే అరుగుతుందో చెప్పే లెక్క అది. రోజూ వాడే ఇంటికి 20 వేలు దాటితే చాలు. అయితే మనం తలకు రాసుకునే కొబ్బరినూనె సంగతి ఆ అంకె చెప్పదు. పాలియెస్టర్ నీటిని తొందరగా పీల్చదు గాని, నూనెను మాత్రం పట్టుకుని వదలదు. నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి హాయి, కానీ ఎండకు వెలుస్తుంది. చివరికి రెండూ కలిసిన ఒత్తు నేత తీసుకున్నాం. కూర్చునే దిండ్లకూ ఆనుకునే దిండ్లకూ జిప్పులు పెట్టించాం. కత్తిరించక ముందే తానును తడిపి ఆరబెట్టమన్నాను. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి, కవరు మళ్ళీ దిండుకు ఎక్కదు.

మరకంటే భయపడక్కర్లేదు, తొందరపడకూడదంతే. పులుసు ఒలికితే రుద్దకుండా పొడిగుడ్డతో అద్దాలి, అంచు నుంచి మధ్యకు. పసుపు మరక మీద సబ్బు పెడితే ఎర్రగా మారుతుంది. మా అమ్మాయి అది చూసి ఏడ్చినంత పని చేసింది. ఉతికి రెండు పూటలు ఎండలో ఉంచితే ఆ పసుపు దానంతటదే వెలిసిపోయింది. ఎండ రంగునూ తినేస్తుంది కనుక మిగతా రోజుల్లో సోఫా పక్కనున్న కిటికీకి తెర వేసే ఉంచుతాను. దిండ్లను నెలకోసారి అటూ ఇటూ మారుస్తాను. అదే తానులోంచి మిగిలిన మీటరు ముక్క బీరువాలో ఉంది, చిరుగు పడితే అతుక్కి.

ఉతికిన రోజున డాబా మీద కవర్లు ఆరుతుంటే పిల్లలు కిందనే చాప వేసుకుంటారు. సాయంత్రం జిప్పులు లాగగానే ముందు నేనే వెళ్ళి వాలతాను. ఆ గరుకుదనం కొంచెం తగులుతుంది.