ఊటీ కొండమీద రెండు క్యూలు

ఉదకమండలం వెళ్ళివచ్చినవారు సాధారణంగా బొటానికల్ గార్డెన్, సరస్సు, దొడ్డబెట్ట శిఖరం గురించి వ్రాస్తారు. రెండేళ్ళ క్రిందట ఎల్.టి.సి. మీద సకుటుంబంగా వెళ్ళినప్పుడు వాటిని మేమూ చూచాము. ఆ మూడింటికీ ఒక రోజు సరిపోయింది. మిగిలిన రెండు రోజులు నేను వెదకినది వేరొకటి. అదేమిటో చెప్పాలంటే ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

మా టౌన్‌షిప్ రిక్రియేషన్ క్లబ్బులో పాత స్నూకర్ బల్ల ఒకటి ఉన్నది. పొడవు 12 అడుగులు, వెడల్పు 6 అడుగులు. ఆకుపచ్చని బనాతు క్రింద పలకరాతి బిళ్ళలు. క్యూలు పాతబడి వంగిపోగా, కొత్తవి కొనడానికి వేసిన కమిటీలో నేనూ సభ్యుణ్ణి. (క్యూ అంటే ఇక్కడ ఆడే కర్ర, రేషను దుకాణం ముందరి వరుస కాదు. అయితే రెండు మాటలకూ మూలం తోక అనే అర్థమున్న ఫ్రెంచి పదమే.) స్పెసిఫికేషన్ వ్రాసినది నేనే: "కొయ్య క్యూ, 58 అంగుళాలు, తోలు మొన." ఫ్యాక్టరీలో షాఫ్టు వ్యాసానికి మైక్రాన్లలో టాలరెన్సు అడిగే మనిషిని, ఇక్కడ మొన వ్యాసం వ్రాయనేలేదు. అతి తక్కువ ధర కోట్ చేసినవారి వద్దనుండి ఆరు క్యూలు వచ్చాయి.

ముప్పయి ఏళ్ళుగా ఆ గదిని చూచుకుంటున్న మార్కరు ఒకదానిని తీసికొని, మొనను బొటనవ్రేలితో తడిమి, "ఇవి పూల్ క్యూలు సార్. మన బల్లకు పనికిరావు" అన్నారు.

"కర్ర కర్రే కదా, అలవాటవుతుంది లెండి" అన్నాను. నలుగురి ముందు అన్నాను. ఆయన మారు మాట్లాడలేదు. మూడు నెలల తరువాత పదవీ విరమణ చేసి స్వగ్రామం వెళ్ళిపోయారు. ఆ ఆరు క్యూలతో ఎవరికీ ఆట సాగలేదు.

మేట్టుపాళయం నుండి కొండ రైలెక్కాము. కల్లారు దాటిన తరువాత కూనూరు వరకు ఇంజను పళ్ళచక్రం పట్టాల నడుమనున్న పళ్ళకడ్డీని పట్టుకొని ఎక్కుతుంది. వాలు సుమారు పన్నెండుకు ఒకటి. 1899లో కూనూరు వరకు, 1908లో ఊటీ వరకు వేసిన మార్గమిది. దీని గురించి వేరుగా వ్రాయదగినంత ఉన్నది, ఇప్పుడు కాదు.

స్నూకర్ మన దేశంలో పుట్టిన ఆట అని చాలామందికి తెలియదు. 1875లో జబల్‌పూర్ సైనికాధికారుల మెస్సులో నెవిల్ చేంబర్లేన్ అనే యువ అధికారి, అప్పటికే ఉన్న బిలియర్డ్స్ ఆటలకు రంగుబంతులు చేర్చి దీనిని కల్పించాడు. (తరువాతి కాలపు బ్రిటిష్ ప్రధాని పేరూ అదే గాని, ఈయన వేరు.) "స్నూకర్" అంటే ఉల్విచ్ సైనిక విద్యాలయంలో తొలి యేటి విద్యార్థిని వెక్కిరించే మాట. గురి తప్పిన సహచరుణ్ణి ఆయన అలా పిలువగా, అదే ఆటకు పేరైనది. 1880ల్లో ఊటీ క్లబ్బులో నియమాలు వ్రాసి బిలియర్డ్స్ గదిలో పెట్టారు.

ఆ గదిని చూడాలని నా కోరిక. చెట్ల నడుమ తెల్లని స్తంభాల భవనం గేటు నుండి కనిపించింది. సభ్యులకు తప్ప ప్రవేశం లేదన్నారు. మా శ్రీమతి నవ్వి, "గేటు చూచారుగా, పదండి" అన్నది.

మరునాడు వాన. తలదాచుకొనడానికి బజారు వీధిలో మేడమీదనున్న ఒక చిన్న బిలియర్డ్స్ హాలులోకి వెళ్ళాము. అక్కడ స్నూకర్ బల్ల ప్రక్కనే 9 అడుగుల పూల్ బల్ల ఉన్నది. ఆటగాళ్ళెవరూ లేరు. నా వచ్చీరాని తమిళానికి జాలిపడి కాబోలు, అక్కడి కుర్రవాడు రెండు రకాల క్యూలనూ నా చేతికిచ్చాడు.

మొదట స్నూకర్ క్యూ. మొన 9 నుండి 10 మిల్లీమీటర్లు, దాని క్రింద ఇత్తడి పొన్ను. మొన నుండి పిడి వరకు క్రమంగా లావెక్కుతుంది. కాడ యాష్ కొయ్య. దాని ఈనెలు పైముఖంమీద బాణపు గుర్తుల వలె వరుసగా ఉంటాయి. ఆటగాడు గడ్డం క్యూకు ఆనేటంత వంగి, ఆ బాణాల వెంట చూచి గురిపెడతాడు. పిడి అడుగున ఒక ప్రక్క చదునుగా చెక్కి ఉంటుంది. ప్రతిసారీ అదే ముఖం పైకి వచ్చినదీ లేనిదీ చేతికే తెలుస్తుంది. పిడి ఎబొనీ, అంటే మన బీడీ ఆకుల తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. మంచి పనివాడు యాష్ కాడను నాలుగు వైపులా ఏటవాలుగా చిత్రికపట్టి, ఒక్కొక్కటిగా ఎబొనీ బద్దలు అతికిస్తాడు. అలా చేతితో అతికినదానికి కొసలు గుండ్రంగా వస్తాయి, యంత్రం కోసినదానికి సూదిగా వస్తాయి.

తరువాత పూల్ క్యూ. మొన 12, 13 మిల్లీమీటర్లు. కాడ మేపుల్ కొయ్య. పొన్ను ఇత్తడిది కాదు, తేలికైన ఫైబరుది. బరువు కొంచెం ఎక్కువ, 19 ఔన్సులు సాధారణం. స్నూకరుకు 17, 18 చాలు. మొన వద్ద అడుగు పొడవున లావు దాదాపు మారదు. ఎందుకని కుర్రవాడిని అడిగాను. అతడు చూపుడువ్రేలిని ఉంగరంలా చుట్టి, అందులో నుండి క్యూను ముందుకూ వెనుకకూ జరిపాడు. లావు మారితే ఆ ఉంగరంలో పట్టు మారుతుంది! స్నూకరులో క్యూ బొటనవ్రేలి ప్రక్క గాడిలో ఊరక ఆని ఉంటుంది గనుక, లావు పెరుగుతూ పోయినా బాధ లేదు.

అసలు సంగతి బంతిలో ఉన్నది. స్నూకర్ బంతి 52.5 మిల్లీమీటర్లు, పూల్ బంతి 57 పైచిలుకు, బరువూ ఎక్కువే. పూల్ ఆట మొదట పదిహేను బంతుల గుంపును బలంకొద్దీ చెదరగొట్టాలి. అందుకు లావు మొన, గట్టి మేపుల్ కావాలి. స్నూకరులో పెద్ద బల్ల, సన్నని జేబులు, చిన్న బంతి. తెల్లబంతి నడిమికి కొన్ని మిల్లీమీటర్లు ప్రక్కకు తగిలిస్తేనే కోరిన తిరుగుడు వస్తుంది. పూల్ క్యూతో స్నూకర్ బంతిని కొట్టిచూచాను. మొన బంతి ముఖాన్ని కప్పివేసి, ఎక్కడ తగులుతున్నదో కనబడనే లేదు. పదిసార్లలో ఏడుసార్లు గురి తప్పింది. సన్న క్యూతో మూడుసార్లు తప్పింది. నేను మంచి ఆటగాణ్ణి కాను సుమా! మార్కరు బొటనవ్రేలితో తడిమిచూచినది ఈ మూడు నాలుగు మిల్లీమీటర్లనే.

ఇంటికి రాగానే ఆయన ఫోను నంబరు సంపాదించి మాట్లాడాను. ఆనాడు నేనన్న మాట తప్పని చెప్పాను. ఆయన దానిని దాటవేసి ఊటీలో చలి ఎలా ఉన్నదని అడిగారు. కొత్త స్పెసిఫికేషన్ చదివి వినిపించాను: మొన 9.5 మిల్లీమీటర్లు, ఇత్తడి పొన్ను, యాష్ కాడ, 17 నుండి 18 ఔన్సులు. అంతా విని, "ఈసారి ఒక్కొక్కటీ కంటికి పెట్టి వంపు చూచి తీసుకోండి సార్" అన్నారు. కాసేపాగి, "మరి ఆ ఆరు క్యూలు ఏం చేశారు?" అన్నారు.

గదిలో మూలకు ఆనించి ఉన్నవన్నాను.

"ఆనించకండి సార్, వంగిపోతాయి. బల్లమీద పడుకోబెట్టించండి. ఎప్పుడైనా పూల్ బల్ల వస్తే అవి మంచి క్యూలే."

ఆ సాయంత్రమే వెళ్ళి పడుకోబెట్టాను.