సర్వర్లన్నీ ఆపి లేపిన సంక్రాంతి

మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే ప్రాసెసర్ లోపాల పేర్లు నేను మొదటిసారి విన్నది 2018 జనవరి 4 తెల్లవారుజామున. అమెరికాలో అప్పటికింకా 3వ తేదీ మధ్యాహ్నమే. హైదరాబాద్‌లో కూర్చుని ఒక చిన్న హోస్టింగ్ సంస్థకు సపోర్ట్ చేసే జట్టులో పనిచేసేదాన్ని. సర్వర్లు డల్లాస్‌లో, కస్టమర్లలో ఎక్కువమంది అక్కడివాళ్లే, అందుకే మాకు నైట్ షిఫ్టు. ఈ లోపాల వివరాలు 9వ తేదీన బయటపెట్టాలని ముందు అనుకున్నారు. వార్త పొక్కిపోవడంతో 3వ తేదీనే చెప్పేశారు. చాలామంది చిన్న హోస్టింగ్ వాళ్లకు సంగతి తెలిసిందే అప్పుడు.

మా సీనియర్‌ని అందరం అన్నా అని పిలిచేవాళ్లం. గూగుల్ భద్రతా పరిశోధకుల జట్టు ప్రాజెక్ట్ జీరో వాళ్లు రాసిందంతా ఆయన చదివి, బోర్డు మీద గీసి మాకు విడమరిచి చెప్పారు. ప్రాసెసర్ వేగం కోసం తర్వాత ఏ పని వస్తుందో ఊహించి ముందే చేసేస్తుంది. ఊహ తప్పితే ఆ ఫలితాన్ని పారేస్తుంది. కానీ దాని జాడ క్యాష్‌లో ఉండిపోతుంది. ఏ డేటా ఎంత తొందరగా అందుతోందో కొలిస్తే, చూడకూడని మెమరీలో ఏముందో కూపీ లాగొచ్చు. సొంతానికి వాడుకునే కంప్యూటర్‌లో కూడా ఇది ప్రమాదమే. మా దగ్గర ఒక్కో నోడ్ మీద, అంటే ఒక్కో అసలు సర్వర్ మీద, పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లు, ఒకరికొకరు ముక్కూమొహం తెలియనివాళ్లవి. ఆ మెషీన్లు రెండు రకాలు. ఓపెన్‌వీజెడ్ రకంలో ఒక నోడ్ మీది కంటెయినర్లన్నిటికీ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం, ఒక్కటే కాబట్టి అక్కడ ముప్పు మరీ ఎక్కువ. కేవీఎం రకంలో ఎవరి కెర్నల్ వాళ్లది. మెల్ట్‌డౌన్ ఆ గోడ దాటలేదు. స్పెక్టర్ రెండో రకం మాత్రం మెషీన్ లోపలి నుంచి నోడ్ మెమరీని చదవగలదని ప్రాజెక్ట్ జీరో చేసి చూపించింది.

ఈ లోపాలను కప్పే ప్యాచ్ కొత్త కెర్నల్‌తో వస్తుంది. కెర్నల్ మార్చాలంటే రీబూట్ తప్పదు. ప్రతి నోడ్‌నీ ఆపి లేపాలి. సంక్రాంతికి ఊళ్లకు తీసుకున్న టికెట్లు అందరం క్యాన్సిల్ చేసుకున్నాం. డల్లాస్‌లో అర్ధరాత్రి అంటే మనకు ఉదయం 11:30. మెయింటెనెన్స్ ఆ వేళకే పెట్టడంతో మా పని పగటికి మారింది. నగరమంతా ఖాళీ అయి, రోడ్లు బోసిపోయి ఉంటే మేం నోడ్ తర్వాత నోడ్ పట్టుకుని కూర్చున్నాం.

అప్పట్లో చాలా చిన్న హోస్టింగ్ సంస్థల్లాగే మాదీ సోలస్‌వీఎం ప్యానెల్. ప్రతి మెషీన్‌కీ ఒక పేజీ. పైన పేరు, ఐపీ అడ్రస్, పక్కన పచ్చటి అక్షరాల్లో ఆన్‌లైన్ అనో, ఎర్రటి అక్షరాల్లో ఆఫ్‌లైన్ అనో ఉండేది. దాని కింద బూట్, రీబూట్, షట్‌డౌన్, రీఇన్‌స్టాల్ బటన్లు. ఇంకా కిందికి వెళ్తే సీపీయూ, నెట్‌వర్క్ గ్రాఫులు. మొదటి నోడ్ కొత్త కెర్నల్‌తో లేచాక దాని మీది మెషీన్లు వరసగా ఎరుపు నుంచి పచ్చకు మారాయి. అన్నీ పచ్చబడ్డాయని ఊపిరి పీల్చుకునేలోపే కస్టమర్ల ఫిర్యాదు టికెట్లు మొదలయ్యాయి. సైట్ రావడం లేదు, మెయిల్ పోవడం లేదు, లాగిన్ అవడం లేదు.

ప్యానెల్ తప్పు చెప్పలేదు. దానికి తెలిసింది అంతే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఏ ఫ్లాట్‌లో లైటు వెలుగుతోందో తెలుస్తుంది కానీ లోపలి మనిషికి జ్వరమొచ్చిందో లేదో తెలియదు కదా. ఆన్‌లైన్ అంటే నోడ్ మీద ఆ మెషీన్ తాలూకు ప్రాసెస్ నడుస్తోందని మాత్రమే అర్థం. లోపల అది బూట్ మెనూ దగ్గరే ఆగిపోయి ఉండొచ్చు, కెర్నల్ పానిక్‌లో ఉండొచ్చు. రెండో ఐపీని ఎవరో ఎప్పుడో చేత్తో ఎక్కించి, కాన్ఫిగ్ ఫైల్‌లో రాయకుండా వదిలేస్తే అది రీబూట్‌తో పోతుంది. ఏళ్ల తరబడి ఆగకుండా నడిచిన మెషీన్లే మమ్మల్ని ఎక్కువ ఏడిపించాయి. ఇన్ని రోజుల అప్‌టైమ్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లు చాలామంది ఉంటారు. నేను దాన్ని గొప్పగా ఎంచను. అన్ని రోజులూ ఆ మెషీన్ మళ్లీ లేస్తుందో లేదో ఎవరూ చూడలేదనే నాకు వినిపిస్తుంది.

రెండో నోడ్ నుంచి అన్న పద్ధతి మార్చారు. పచ్చబడ్డాక ప్రతి మెషీన్ స్క్రీన్‌ని చూపించే వీఎన్‌సీ కన్సోల్ తెరిచి, లాగిన్ అడిగేదాకా చూడాలి. తర్వాత వెబ్ పోర్ట్ పలుకుతోందో లేదో చూడాలి. గ్రాఫులు చదవడం కూడా అప్పుడే ఒంటబట్టింది. ప్రశ్న అడిగి జవాబు కోసం కూర్చున్న మెషీన్ సీపీయూ గీత నేలకు అంటుకుపోయి ఉంటుంది. పానిక్ అయింది చాలాసార్లు ఒక కోర్‌ని నూటికి నూరు తినేస్తూ, కొండ ఎక్కి దిగకుండా నిలబడిపోతుంది. పనిచేసే మెషీన్ గీత మాత్రం ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది.

ఆ రోజుల్లో వచ్చిన ఫోన్లలో ఒకటి తెనాలి నుంచి. రిటైరైన తెలుగు లెక్చరర్. తెనాలి నాటక కళాకారుల ఫొటోలు, కరపత్రాలు స్కాన్ చేసి సైట్‌లో పెట్టుకుంటారు. డల్లాస్‌లో ఉన్న కొడుకు మెషీన్ కొనిచ్చాడు, నడిపేది ఆయనే.

"అమ్మా, ప్యానెల్‌లో పచ్చగానే ఉంది. సైట్ మాత్రం తెరుచుకోవడం లేదు. రీఇన్‌స్టాల్ అని ఉంది, అది కొడితే బాగవుతుందా?"

"దాని జోలికి వెళ్లకండి మాస్టారూ. డిస్క్ మొత్తం తుడిచేసి కొత్త సిస్టమ్ ఎక్కిస్తుంది. మీ ఫొటోలు మీ దగ్గర ఇంకో కాపీ ఉన్నాయా?"

"కొన్ని ఉన్నాయి. కొన్ని ఫొటోలు ఇచ్చినవాళ్లే ఇప్పుడు లేరు తల్లీ."

వీఎన్‌సీ తెరిచి ఏం కనిపిస్తోందో చదవమన్నాను. ఫైల్ సిస్టమ్‌లో లోపం ఉందనీ, ఎఫ్‌ఎస్‌సీకే చేత్తో నడపమనీ, రూట్ పాస్‌వర్డ్ ఇమ్మనీ అడుగుతోంది. వెంటనే ఆయన చేత కొట్టించలేదు. మెషీన్ ఆపి, డిస్క్‌ని నోడ్ మీదే వేరుగా కాపీ తీసిపెట్టాను. ఎఫ్‌ఎస్‌సీకే బాగుచేసే క్రమంలో కొన్ని ఫైళ్ల పేర్లు పోగొట్టి, వట్టి అంకెలతో ఒక మూల ఫోల్డర్‌లో పడేయగలదు. పేరులేని ఫొటో దొరికినా అందులో ఉన్నది ఏ నటుడో ఎవరు చెప్పాలి?

మళ్లీ బూట్ చేయించాను. పాస్‌వర్డ్ ఆయన డైరీలో ఉంది.

"కొడుతుంటే ఏమీ పడటం లేదమ్మా."

"పడదు మాస్టారూ, పాస్‌వర్డ్ కనిపించకూడదనే అలా పెట్టారు. మొత్తం కొట్టి ఎంటర్ నొక్కండి."

మూడోసారికి లోపలికి వెళ్లారు. కమాండ్‌ని అక్షరం అక్షరం చెబితే కొట్టారు. గీతలు గీతలుగా ఇంగ్లిషు పరుగెత్తుతుంటే ఆయన ఆగకుండా చదివి వినిపిస్తూనే ఉన్నారు. మెషీన్ లేచింది. సైట్ తెరిస్తే డేటాబేస్ దొరకడం లేదంది. బూట్ అయినప్పుడు తనంతట తాను మొదలయ్యేలా మైఎస్‌క్యూఎల్‌ని ఎవరూ పెట్టలేదు. అదీ సరిచేశాక హోమ్ పేజీ వచ్చింది. ఫొటోలన్నీ పేర్లతో సహా ఉన్నాయి. నాకైతే ఆ నెలలో చేసిన పనంతా ఒక ఎత్తు, ఆయన ఒక్కో ఫొటో తెరిచి ఉందమ్మా, ఉందమ్మా అంటుంటే వినడం ఒక ఎత్తు.

నోడ్‌కి ప్యాచ్ వేసినంత మాత్రాన పని అయిపోలేదు. కేవీఎం మెషీన్ లోపలి కెర్నల్‌ని కస్టమరే అప్‌డేట్ చేసుకుని రీబూట్ చేసుకోవాలి. ఆ పని ప్యానెల్ బయటి నుంచి చేయలేదు. ప్యాచ్ తర్వాత కొందరి సీపీయూ గీత పైకి జరిగింది. డేటాబేస్, డిస్క్ పని ఎక్కువున్న మెషీన్లకు ఆ బరువు బాగా తెలిసింది. గ్రాఫ్ మామూలుగానే ఉన్నా మెషీన్ నెమ్మదించిందన్నవాళ్లను లోపల టాప్ కమాండ్ నడిపి, ఎస్‌టీ అనే అంకె చూడమనేవాళ్లం. మన మెషీన్ పనికి సిద్ధంగా ఉన్నా నోడ్ దానికి ప్రాసెసర్ ఇవ్వని సమయం అది. దాన్ని లోపలి నుంచే చూడాలి.

ప్రాసెసర్‌లోనే ఎక్కించాల్సిన కొత్త మైక్రోకోడ్ విషయంలో కొన్నాళ్లు ఆగుదామన్నారు అన్న. అది వేసిన కొన్ని సిస్టమ్‌లు వాటంతట అవే రీబూట్ అవుతున్నాయని, పంపిణీ ఆపమని జనవరి 22న ఇంటెల్ స్వయంగా చెప్పింది. అప్పటికి మా నోడ్లన్నీ కొత్త కెర్నల్‌తో నడుస్తున్నాయి. మేం ఒకరి తర్వాత ఒకరం ఊళ్లకు వెళ్లొచ్చాం.

మీకూ ఎక్కడైనా ఒక వర్చువల్ మెషీన్ ఉంటే, ముందు అందులో ఉన్నవాటికి వేరేచోట ఒక కాపీ తీసి పెట్టండి. తర్వాత తీరిగ్గా ఉన్న రోజు చూసుకుని మీరే ఒకసారి రీబూట్ చేసి, కన్సోల్ తెరిచి, లాగిన్ అడిగేదాకా చూడండి. రూట్ పాస్‌వర్డ్ మీ దగ్గరుందో లేదో ఆ రోజే తేల్చుకోండి.