మౌఢ్యంలో సామాను

2026 జనవరిలో ఇల్లు మారాం. సికింద్రాబాద్‌లోనే, లిఫ్టు లేని మూడో అంతస్తు నుంచి కింది వాటాకి. మా ఆవిడ మోకాళ్ల కోసం.

"శుక్ర మౌఢ్యం బావగారూ, పైగా పుష్యం. ఫిబ్రవరి నెలాఖరు దాకా ఆగండి" అన్నాడు మా బావమరిది. మౌఢ్యమంటే ఏమిటి? శుక్రుడు సుమారు 584 రోజులకోసారి సూర్యుడికి ఆవలి వైపుకు వెళ్తాడు. ఈసారి జనవరి 6న వెళ్లాడు. ఆ వెలుగులో కొన్ని వారాలు మనకి కనపడడు. అంతే! మా బీరువాకీ దానికీ ఏం సంబంధం?

రక్షణ శాఖ లెక్కల్లో పనిచేసినన్నాళ్లూ అయిదు బదిలీలు. పూనా వెళ్లింది ఆషాఢంలోనే. 1979 నాటి జాయినింగ్ టైమ్ రూల్సు ప్రకారం వెయ్యి కిలోమీటర్లలోపు ఊరికి 10 రోజులు. మౌఢ్యానికి వేరే సెలవు లేదు. అదే అడిగితే "అప్పుడు తప్పదు కదండీ" అన్నాడు. అంటే సర్కారు ఉత్తర్వు చూపిస్తే శుక్రుడు ఒప్పుకుంటాడు, మోకాళ్ల నొప్పి చూపిస్తే ఒప్పుకోడన్నమాట!

ఒక లెక్క వేశాను. మెట్లు 46. రోజుకొక్కసారి దిగి ఎక్కితే 92. రెండు నెలలకి, అంటే 59 రోజులకి 5,428. కాగితం మా ఆవిడ చేతికిచ్చాను. చదివి, అటక మీది ఇత్తడి సామాను దింపమంది.

పెట్టెలకి నంబర్లు వేసి రిజిస్టరు రాశాను (పాత అలవాటు). మందులు, గ్యాస్ కాగితాలు, పెన్షన్ పుస్తకం లారీ ఎక్కించలేదు, చేతిసంచీలోనే. కొత్తింట్లో పాలు పొంగిస్తానంది. సరేనన్నాను, కాఫీకి ఎలాగూ కావాలి.