వ్యాధియు వోటును

అంటువ్యాధి వచ్చినచో జనులు వోటు వేయుటకు రారని పెక్కుమంది యనుకొందురు. 2021వ సంవత్సరమున మా పలమనేరు ప్రాంతపు స్థానిక యెన్నికలను జూచిన నాకు ఈ మాట సగము మాత్రమే సత్యమని తోచినది.

2020 మార్చి 15వ తేదీన రాష్ట్ర యెన్నికల కమిషనరు కరోనా కారణమున ఆ యెన్నికల నాపివేసెను. మరుసటి ఫిబ్రవరిలో పంచాయతీ యెన్నికలు నాలుగు విడతలుగా జరిగెను. వ్యాధిగ్రస్తులకు చివరి గంట ప్రత్యేకింపబడెను. మేము వలదన్నను వినక మా యవ్వ మూతికి గుడ్డ కట్టుకొని బడికడకు నడచెను. "రేపు కొళాయికి నీళ్లు రాకుంటే ఎవుర్ని అడిగేది? ఆ మనిషిని నేనే నిలబెట్టాల" అని యామె మాట. రాష్ట్రమున నూటికి 80 మందికి పైగా వోటు వేసిరి.

పొరుగుననున్న పుంగనూరి కథ వేఱు. పురపాలక యెన్నికలకు 2020లో పడిన నామినేషన్లే మరుసటి యేటికిని నిలిచెను. అచ్చటి 31 వార్డులును పోటీలేకయే ముగిసెను. కారణములను గూర్చి పక్షములవారి వాదములెట్లున్నను, ఆ యూరి గృహిణికి రోగమున్నను లేకున్నను వోటు వేయు నవకాశమే లేకపోయెను. ఏప్రిల్ 8వ తేదీన జరిగిన మండల, జిల్లా పరిషత్తుల యెన్నికలలో నూటికి సుమారు 60 మందియే వోటు వేసిరి. అప్పటికి వ్యాధి మరల ప్రబలుచుండెను. తెలుగుదేశము పక్షము పోటీని బహిష్కరించియుండెను. దేని పాలెంతయో విడదీయుట కష్టము. పిమ్మట న్యాయస్థానపు వివాదమువలన ఆ వోట్లు సెప్టెంబరు 19 వఱకు లెక్కింపబడక పెట్టెలలోనే యుండెను. నవంబరులో కుప్పము పురమున తొలి యెన్నిక హోరాహోరీగా జరుగగా జనులు బారులు తీరి నిలిచిరి.

దీనినిబట్టి చూడగా రోగభయమును జనులు దాటగలరు. మూసిన తలుపును దాటలేరు. 2020లో అమెరికాయందు తపాలాద్వారా వోటు వేయు వీలు విస్తరింపగా, వ్యాధి నడుమనే అర్హులలో మూడింట రెండువంతులమంది వోటు వేసిరి. మన దేశమునను 2024 లోకసభ యెన్నికలలో 85 ఏండ్లు దాటినవారు కోరినచో ఇంటనుండియే వోటు వేయగలిగిరి. కాని పలమనేరు, కుప్పము పల్లెలనుండి బెంగుళూరికి కూలికిఁ బోయినవాఁడు బస్సు ఛార్జిని, దినకూలిని వదలుకొని వచ్చిననే వోటు.

అంటువ్యాధులు మరల రాకపోవు. అప్పుడు తొందరలో నియమములు వ్రాసికొనుటకంటె, రోగికి, వృద్ధురాలికి, వలసకూలికి వోటు దక్కు మార్గమును ఆరోగ్యదినములలోనే యేర్పఱచుకొనుట మేలు. ఇంటికి వచ్చి వోటడుగు ప్రతివానిని చదువరు లీ ప్రశ్న యడుగుదురు గాక!