గురక ఆగిన క్షణాలు

అబ్బాజాన్ గురకను మేమంతా గాఢనిద్రకు గుర్తనుకుని నవ్వుకునేవాళ్లం. మొన్న రమజానులో సహరీకి లేపబోయి ఆగిపోయాను. గురక లేదు, ఛాతీ కదులుతున్నా ఊపిరి ఆడడం లేదు. 20 దాకా లెక్కపెట్టాక ఉలిక్కిపడి గాలి పీల్చుకున్నారు.

మూడు రకాల మందులకూ ఆయన రక్తపోటు ఎందుకు లొంగలేదో నిద్ర పరీక్షలో తేలింది. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకుపోతోంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గిన ప్రతిసారీ రక్తపోటు ఎగసి గుండెపై భారం పడుతోంది. గంటకు 30 సార్లు దాటితే తీవ్రమైనదట, ఆయనకు 40.

ఇప్పుడు సీప్యాప్ మాస్కు పెట్టుకుని పడుకుంటున్నారు. ఫజ్ర్‌కు తలనొప్పి లేకుండా లేస్తున్నారు, అల్‌హందులిల్లాహ్. మీ ఇంట గురక మధ్యలో ఆగితే నవ్వకండి. లెక్కపెట్టి వైద్యునికి చెప్పండి.