ఐదుగురైతే అందరికీ బంతి

"మావాడికి ఆటలంటే గిట్టదండీ, నాలుగడుగులు పరుగెడితే ఆయాసం" అంటూ తల్లులు నా దగ్గరికి వస్తుంటారు. అలాంటి మాట విని నేనొకసారి పొరపాటు చేశాను.

కొన్నేళ్ల కిందట వేల్పూర్‌లో ఒకామె పదకొండేళ్ల కొడుకును తీసుకొచ్చి, "ఆటలు ఆడొద్దని కాయితం రాసియ్యుండ్రి సారూ" అంది. పిల్లవాడు బొద్దుగా ఉన్నాడు. గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయి. బయట రోగులు బారులు తీరి ఉండడంతో ఆలోచించకుండా రాసిచ్చేశాను.

తర్వాత ఒక సాయంత్రం పిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూశాను. ముప్పై మందికి ఒకటే బంతి. నలుగురైదుగురు గట్టివాళ్లు దాని వెంట పడుతుంటే మిగతావాళ్లు నిలబడి చూస్తున్నారు. మనవాడు గట్టు మీద కూర్చున్నాడు. ఎందుకురా అంటే, "ఆడినా నాకు బంతి రాదు సార్, ఊకె నిలవడుడే" అన్నాడు.

జబ్బు పిల్లవాడిలో లేదు, లెక్కలో ఉంది! పెద్ద మైదానం 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు. 22 మంది పంచుకుంటే మనిషికి సుమారు 325 చదరపు మీటర్లు. ఐదుగురేసి ఆడే ఫుట్‌సాల్‌లో 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటే మనిషికి 80 మాత్రమే. జట్టు చిన్నదైతే బంతి ప్రతివాడి కాలికీ తగులుతుంది. గోలు దగ్గరవుతుంది. దాడి చేయడం అందరి పనీ అవుతుంది. అయితే త్వరగా అలసిపోతారు. అందుకే ఫుట్‌సాల్‌లో ఆటగాళ్లను ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు.

నియమం మారిస్తే ఆటగాడు మారతాడని హైదరాబాద్ గురువు సయ్యద్ అబ్దుల్ రహీం ఏనాడో గ్రహించారు. డ్రిబ్లింగ్ లేని పోటీలు పెట్టారు. ఆయన శిక్షణలో మన జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చింది.

ఆ ఏడు పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో పిల్లల ఆటస్థలం సగానికి తగ్గిపోయింది. ఉన్నంతలోనే ఐదుగురేసి ఆడండి, మిగతావాళ్లు వంతులవారీగా దిగండి అన్నాను. నేను రాసిన కాయితం నేనే వెనక్కి తీసుకున్నాను. మొదటిరోజు మనవాడు మూడు నిమిషాలకే కూలబడ్డాడు. నెల తిరిగేసరికి ఏడెనిమిది నిమిషాలు నిలిచాడు. కొట్టింది ఒక్క గోలే అనుకోండి! తల్లి మళ్లీ వచ్చింది: "చీకటైనా ఇంటికొస్తలేడు సారూ!" దానికి నా దగ్గర మందు లేదన్నాను.

అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు చురుకైన శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కనివ్వండి. మధ్యమధ్య నీళ్లు తాగించండి. పిల్లికూతలు ఉన్నవాళ్లను దుమ్ముకు దూరంగా ఆడించండి. ఆడుతుండగా ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా, స్పృహ తప్పినా ఆట ఆపించి డాక్టరుకు చూపించండి. నలభై దాటి, ఏళ్ల తరబడి కూర్చున్న తండ్రులు బీపీ, షుగర్ చూపించుకున్నాకే బరిలోకి దిగాలి.

మీవాడికి ఆట రాదని తేల్చేముందు, వాడిదాకా బంతి వస్తోందో లేదో ఒకసారి వెళ్లి చూడండి.