మొజంజాహీ మార్కెట్ గడియారం క్రింద

ఫిబ్రవరి మొదటి వారంలో ఒక ఉదయం మేము వరంగల్ నుండి వచ్చి నాంపల్లి స్టేషనులో దిగాము. మా పొరుగింటి అమ్మాయి మరునాటి రాత్రి లండన్ విమానం ఎక్కనున్నది. లెస్టర్ నగరంలో ఉన్న మా అబ్బాయికి ఒక చిన్న పొట్లం ఆమె చేత పంపవలెనని మా ప్రయాణం. ఆ పొట్లంలో ఏమేమి ఉండవలెనో మంచం మీదినుండే నిర్ణయించినది అమ్మీజాన్, అనగా వాడి దాదీమా. వట్టివేరు అత్తరు, ఉస్మానియా బిస్కెట్లు, కొంత అంజీరు. మూడూ మొజంజాహీ మార్కెట్ దగ్గరే కొనవలెనన్నది ఆమె షరతు.

స్టేషను నుండి మార్కెట్ సుమారు కిలోమీటరు దూరం. ఆటో ఎక్కక నడిచాము. తలపైన మెట్రో వంతెన, ప్రక్కన గాంధీభవన్, ఎదురుగా తోపుడు బండ్లు, వాటి మధ్యనుండి బస్సులు. ఇంత సందడి దాటి కూడలికి చేరగానే ఆ రాతి కట్టడం కనబడుతుంది. గ్రానైట్ గోడలు, వరుస తోరణాలు, గుమ్మటాలు, వాటికి పైగా గడియార స్తంభం. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1935లో దీనిని నిర్మించారు. ఆయన రెండవ కుమారుడు మొఅజ్జమ్ జాహ్ నగరాభివృద్ధి సంస్థకు అధ్యక్షులుగా ఉండేవారు. ఆయన పేరే మార్కెట్‌కు పెట్టారు. జనం నోట అది మొజంజాహీ అయినది. ఒకప్పుడు ఇక్కడ సాగిన టోకు పండ్ల వ్యాపారం తరువాత గడ్డిఅన్నారానికి తరలిపోయినది. చాలాకాలం మసిబారి ఉన్న కట్టడాన్ని ఇటీవల శుభ్రపరచి, మరమ్మతులు చేయించి, 2020 ఆగస్టులో మరల ప్రారంభించారు. ఇప్పుడు రాయి తన సహజమైన రంగులో కనబడుతున్నది.

అత్తరు దుకాణంలో ముసలాయన మా మణికట్టుపై చుక్క రాసి, "ఎవరికి?" అని అడిగాడు. విదేశంలో ఉన్న కుమారునికి అన్నాము. "వస్తున్నాడా?" అన్నాడు. ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. అర తులం సీసా కట్టించుకొని బయటికి వచ్చాము.

విషయమేమనగా, మా అబ్బాయి అక్కడ ఎం.ఎస్సీ. పూర్తి చేశాడు. చదువు ముగించినవారు కొంతకాలం ఉద్యోగం చేసుకొనుటకు బ్రిటన్ ప్రభుత్వం 2021 జులై 1 నుండి గ్రాడ్యుయేట్ వీసా ఇస్తున్నది. జనవరిలో తన విద్యార్థి వీసా గడువు తీరడానికి నాలుగు రోజుల ముందు వాడు దానికి దరఖాస్తు చేశాడు. సాధారణంగా ఎనిమిది వారాలలోపు నిర్ణయం తెలుపుతారు. గడువు తీరకముందే దరఖాస్తు చేసినందున, నిర్ణయం వచ్చేవరకు వాడు అక్కడ ఉండుట చట్టబద్ధమే. 1971 నాటి వలస చట్టంలోని 3సి సెక్షన్ ఆ రక్షణ కల్పిస్తున్నది. అయితే ఆ రక్షణ దేశంలో ఉన్నంతవరకే. ఈలోగా బ్రిటన్, ఐర్లండ్, వాటిని ఆనుకొని ఉన్న కొద్దిపాటి ద్వీపాలు దాటితే దరఖాస్తును ఉపసంహరించుకున్నట్లే పరిగణిస్తారు. ఈ వీసాకు బయటినుండి దరఖాస్తు చేసే వీలు కూడా లేదు. కనుక మా అబ్బాయి ఇప్పుడు బయలుదేరితే ఆ తలుపు మూసుకుపోతుంది.

దరఖాస్తు చేసిన పదవ రోజున అమ్మీజాన్‌కు ఊపిరాడక ఆసుపత్రిలో చేర్చాము. గుండె బలహీనపడినదని, ఊపిరితిత్తులలో నీరు చేరినదని చెప్పారు. వారం తరువాత ఇంటికి తెచ్చుకున్నాము.

ఇందులో మా తప్పు ఒకటి ఉన్నది. సెప్టెంబరులో చదువు ముగిసినప్పటినుండి జనవరి వరకు వాడి పాత వీసా చెల్లుబాటులోనే ఉన్నది. ఆ నాలుగు నెలల్లో ఎప్పుడైనా వచ్చి, దాదీమాను చూసి, తిరిగి వెళ్ళి దరఖాస్తు చేసుకొని ఉండవచ్చు. వాడు వస్తాననే అన్నాడు. "ముందు వీసా పని చూసుకో, తరువాత నిశ్చింతగా రావచ్చు" అన్నది మేమే. ముందు ప్రయాణం, తరువాత దరఖాస్తు అన్న క్రమం మాకు అప్పుడు తెలియలేదు. తెలిసినవారిని అడగనూ లేదు.

ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క నియమం ఉన్నది. కెనడాలో స్టడీ పర్మిట్ గడువుకు ముందే పొడిగింపు కోరినవారు నిర్ణయం వచ్చేవరకు చదువు సాగించవచ్చు. మధ్యలో దేశం దాటితే, ప్రవేశ వీసా ఉన్నపక్షంలో సందర్శకులుగా తిరిగి రానివ్వవచ్చు గాని, కొత్త పర్మిట్ వచ్చేవరకు తరగతికి వెళ్ళే వీలుండదు. అమెరికాలో ఒక రకం వీసా నుండి మరొక రకానికి మార్పు కోరి, నిర్ణయం రాకముందే బయటికి వస్తే ఆ కోరికను వదులుకున్నట్లు లెక్కిస్తారు. పిల్లలు బయట ఉన్న ప్రతి ఇంటిలోనూ పెండ్లి తేదీ పెట్టేముందు, టికెట్టు కొనేముందు ఈ సంగతి విచారించుకొనుట అవసరం.

మార్కెట్ ప్రాంగణంలో ఒక తోరణం నీడన కూర్చున్నాము. పదకొండుమ్ముప్పావు వేళ ఫోను మ్రోగినది. అక్కడ అది ఫజ్ర్ సమయం. నమాజు చేసుకొని చేసినట్లున్నాడు. "అబ్బూ, టికెట్ చూశాను. రేపు బయలుదేరగలను. రమ్మంటారా?" అన్నాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాము. రమ్మంటే వాడి రెండేండ్ల ఆశ పోతుంది, అప్పు మిగులుతుంది. వద్దంటే, రేపు జరగరానిది జరిగితే ఆ మాట మా గొంతులో ముల్లుగా నిలిచిపోతుంది. "రాత్రికి చెబుతాము బేటా" అని పెట్టేశాము.

కరాచీ బేకరీలో బిస్కెట్లు, ప్రక్క దుకాణంలో అంజీరు కొని, పొట్లం కట్టి పొరుగింటి అమ్మాయి బంధువుల ఇంట ఇచ్చి, సాయంత్రపు రైలులో తిరిగి వెళ్ళాము.

అమ్మీజాన్ మేలుకొనే ఉన్నది. మేము చెప్పకముందే ఆమెకు అంతా తెలుసు. చాలాసేపు మౌనంగా ఉండి జిద్దా సంగతి ఎత్తినది. 1982లో మా అబ్బా అక్కడ పనిలో ఉండగా మా తాతగారు మరణించారు. ఆయన ఇఖామా అప్పుడు పునరుద్ధరణలో ఉన్నది. అది చేతికి రానిదే తిరిగి వెళ్ళే అనుమతితో సెలవు దొరకదు. ఖురూజ్ వేయించుకొని వస్తే ఉద్యోగం పోతుంది. ఆయన రాలేదు. పదునాలుగు నెలల తరువాత వచ్చారు.

"ఆయన రాలేదని నేనెన్నడూ తప్పు పట్టలేదు" అన్నది అమ్మీజాన్. "కాని రమ్మని గాని, వద్దని గాని ఇక్కడినుండి ఎవరమూ చెప్పలేదు. నిర్ణయం ఆయన ఒక్కడే చేసుకున్నాడు, ఆ బరువు చివరిదాకా ఒక్కడే మోశాడు. ఈ పిల్లవాడి మీద అది వేయకండి."

మరునాడు ఉదయమే వైద్యుని కలిసి సూటిగా అడిగాము. మందులు పని చేస్తున్నవి, ప్రస్తుతానికి ప్రమాదం కనబడటం లేదు అన్నారు. అప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చొని ఒక మాట అనుకున్నాము. ఇప్పుడు వాడు రానక్కరలేదు. వైద్యుని మాట మారిన రోజున మాత్రం వీసా సంగతి తలచకుండా వాడు బయలుదేరవలెను. ఆ తరువాత పోయిన ఉద్యోగం గురించి గాని, అప్పు గురించి గాని ఈ ఇంట ఎవరూ నోరెత్తరాదు. ఒకవేళ సమయం చిక్కకపోతే, ఆ నిర్ణయం అందరిదీ, వాడొక్కడిది కాదు.

ఈ మాట వాడికి చెప్పినది అమ్మీజానే. ఫోను చెవికి ఆనించుకొని, మధ్యమధ్య ఊపిరి తీసుకుంటూ, నెమ్మదిగా చెప్పినది. అటు వాడు ఏమన్నాడో మాకు వినబడలేదు. చివరికి "అత్తరు జుమా రోజున రాసుకో" అని ఫోను మాకు ఇచ్చేసినది.

పొట్లం వాడికి చేరినది. వీసా నిర్ణయం ఇంకా రాలేదు. ఎనిమిది వారాలు నిండడానికి మరి కొన్ని రోజులున్నవి. అమ్మీజాన్ ఇప్పుడు తలగడకు ఆనుకొని కూర్చోగలుగుతున్నది. వాడు రోజూ ఫజ్ర్ తరువాత ఫోను చేస్తాడు. ఇన్షా అల్లాహ్, ఈసారి నాంపల్లిలో దిగినప్పుడు మాతో వాడు కూడా ఉంటాడని, ఆ అత్తరు దుకాణం పెద్దాయన ప్రశ్నకు వాడే జవాబు చెబుతాడని మా ఆశ.